పాత లైట్‌హౌస్‌ను కాపాడాలంటే: తిరుపతి నుంచి బయల్దేరే స్వచ్ఛంద సంఘానికి అడుగడుగు మార్గదర్శి

"తిరుపతిలో లైట్‌హౌస్ సంఘమా? మనకు సముద్రం యాడుంది సామీ?"

అలిపిరి దగ్గర టీ కొట్టు మొదలుకొని పెళ్లిపందిళ్ల దాకా ఈ ప్రశ్న విన్నాను. అడిగినవాళ్లది తప్పేం కాదు. పొద్దున లేస్తే కొండకు దండం పెట్టే ఊరు మనది. కానీ 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, వాకాడు వైపు తీరం మన జిల్లాలో చేరింది. అదీగాక మనకూ ఆ తీరానికీ సంబంధం నిన్నా మొన్నటిది కాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1620ల్లో దుగరాజపట్నంలో గిడ్డంగి పెట్టుకుంది. వాళ్ల నోట ఆ చోటి పేరు ఆర్మగాన్. అక్కడ పని చేసిన ఫ్రాన్సిస్ డే అనే కంపెనీ ఉద్యోగి ఇంకాస్త దక్షిణానికి వెళ్లి, 1639లో అక్కడి స్థానిక నాయకులైన దామెర్ల వారి దగ్గర మద్రాసు నేల సంపాదించాడు. ఆ దామెర్ల వారికి పైనున్న రాజు విజయనగరపు ఆఖరి వంశం వాడు. ఆ వంశానికి రాజధాని మన చంద్రగిరి. ఆర్మగాన్ పేరు ఇప్పటికీ అక్కడి తీరపు లైట్‌హౌస్‌కూ, దాని ఎదుట నీళ్లలో ఉన్న ఇసుక మెట్టకూ మిగిలి ఉంది. ఆదివారం చంద్రగిరి కోటకు పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఈ కథను ఇంకో వంద కిలోమీటర్లు సాగదీసి సముద్రం దాకా తీసుకుపోవచ్చు.

ఈ పనిలోకి దిగే ఏ సంఘమైనా మొదట కొనాల్సింది నోటుబుక్కు. పెయింటు డబ్బా ఆఖరున. ఇది నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను, దాని సంగతి సున్నం దగ్గర చెబుతా.

1. అది ఎవరిదో, ఏ స్థితిలో ఉందో కనుక్కోండి

లైట్‌హౌస్ అనగానే ఊరి సత్రం లాంటిదే అనుకుంటారు చాలామంది. మన దేశంలో సముద్రపు దీపాలు కేంద్ర ప్రభుత్వానివి. ఓడరేవుల మంత్రిత్వ శాఖ కింద దీపస్తంభాల డైరెక్టరేట్ జనరల్ ఉంది. దాని ప్రధాన కార్యాలయం నోయిడాలో. మన తూర్పు తీరంలో చెన్నైలో, విశాఖపట్నంలో ప్రాంతీయ కార్యాలయాలున్నాయి. మీరు ఎంచుకున్న దీపం ఏ కార్యాలయం కిందికి వస్తుందో ముందు ఒక ఉత్తరం రాసి తెలుసుకోండి. తప్పు ఆఫీసుకు పంపిన అర్జీ ఫైళ్లలో నిద్రపోతుంది.

చట్టం కూడా మారింది. 1927 నాటి లైట్‌హౌస్ చట్టం స్థానంలో 2021లో సముద్ర నావిక సహాయక సాధనాల చట్టం వచ్చింది. మనకు పనికొచ్చే మాట ఇందులో ఒకటుంది: తన అధీనంలోని దీపస్తంభాన్ని 'వారసత్వ దీపస్తంభం'గా ప్రకటించే అధికారం కేంద్రానికి ఉంది. అలా ప్రకటించినదాన్ని విద్యకూ, సంస్కృతికీ, పర్యాటకానికీ తీర్చిదిద్దవచ్చు. అర్జీలో ఈ మాట ఎత్తండి. ఎదుటివాళ్లకు మీరు చదివే వచ్చారని తెలుస్తుంది. అదే చట్టంలో దీపానికి హాని చేస్తే శిక్ష కూడా ఉంది, అది మీ కుర్రాళ్లకు చెప్పండి.

తర్వాత స్థితి. పాత దీపస్తంభాలు మూడు రకాలుగా కనిపిస్తాయి: ఇంకా వెలుగుతున్నవి, పక్కనే కొత్త టవరు లేచాక దీపం ఆరి నిలబడినవి, ఎవరూ పట్టించుకోక శిథిలమైనవి. ఈ తేడా అర్థం కావాలంటే చెన్నై వెళ్లి రండి, బస్సులో ఒక పూట ప్రయాణం. అక్కడ ఒకే ఊరి దీపం నాలుగు చోట్లకు మారింది. 1796లో జార్జి కోటలోని మేడ మీద వెలిగింది. 1844లో రాతి స్తంభం మీదికి మారింది, ఆ స్తంభం ఇప్పటికీ హైకోర్టు ఆవరణలో ఉంది. 1894లో హైకోర్టు గుమ్మటం మీదికెక్కింది. 1977 నుంచి మెరీనా టవరులో ఉంది. కాస్త ముందుకు పోతే మహాబలిపురంలో ఇంకా విచిత్రం: పల్లవుల నాటి ఒలక్కణ్ణేశ్వర గుడి పైకప్పే ఒకప్పుడు దీపం పెట్టే చోటు. తర్వాత దాని పక్కనే రాతి టవరు కట్టారు. గుడీ, దీపమూ ఒకే బండ మీద. ఈ రెండు ఊళ్లూ చూసొచ్చిన సభ్యుడికి మీరు వేరే క్లాసు చెప్పక్కర్లేదు.

వెలుగుతున్న దీపంలో మీ పని డిపార్టుమెంటుకు తోడుగా ఉండటం వరకే. మిగిలిన రెండింటిలోనే సంఘానికి ఎక్కువ చోటుంటుంది. భీమిలి బీచిలో నిలబడ్డ పాత దీపం లాంటివి చూస్తే ఇది తెలుస్తుంది.

ఇంకొక్కటి చూసుకోవాలి. ఆ కట్టడం కేంద్ర పురావస్తు శాఖ రక్షిత జాబితాలో ఉంటే చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ ఇటుక కదిలించాలన్నా అనుమతి కావాలి. రాష్ట్ర జాబితాకు 1960 నాటి చట్టం వేరే ఉంది. రెండిట్లోనూ లేకపోతే సొంతదారు శాఖ మాటే చెల్లుతుంది.

2. ఏడుగురిని కూడగట్టండి

2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుంటే సంఘం నమోదు చేసుకోవచ్చు. సంఘ లక్ష్యాలు, నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లాలి. లక్ష్యాల్లో లైట్‌హౌస్ ఒక్కటే రాసి చేతులు కట్టేసుకోవద్దు. 'తీరప్రాంత చారిత్రక కట్టడాల పరిరక్షణ, రికార్డు, ప్రచారం' అని రాస్తే రేపు ఒక పాత బంగళానో, ఉప్పు గిడ్డంగినో చేపట్టే వీలుంటుంది. ఆ తర్వాత పాన్ కార్డు, ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా, ఏటా సర్వసభ్య సమావేశం, రిజిస్ట్రార్‌కు లెక్కలు. ఈ ఏటా లెక్కల దగ్గరే సంఘాలు చచ్చిపోతాయి. రెండేళ్లు దాఖలు చేయకపోతే మూడో ఏడు ఎవరికీ ఆ ఊసే ఉండదు.

ఏడుగురు ఎవరన్నదే అసలు సంగతి. ఉత్సాహం ఉన్న ఏడుగురు కుర్రాళ్లకంటే, పని తెలిసిన నలుగురు పెద్దవాళ్లూ ముగ్గురు కుర్రాళ్లూ మేలు. తిరుపతిలో ఇందుకు కావలసినవాళ్లు అందరూ ఉన్నారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రాచీన చరిత్ర, పురావస్తు విభాగం ఉంది. ఏర్పేడు దగ్గర ఐఐటీలో సివిల్ ఇంజనీరింగ్ వాళ్లున్నారు. దేవస్థానం శిల్ప కళాశాలలో రాతి పని చేతికి తెలిసిన విద్యార్థులున్నారు. రిటైరైన డిపో మెకానిక్‌ను ఒకర్ని తప్పకుండా చేర్చుకోండి. తుప్పుపట్టిన తలుపు కీలును విరగ్గొట్టకుండా ఊడదీయడం డిగ్రీలతో రాదు.

ఎనిమిదో మనిషి తీరం నుంచి రావాలి. మత్స్యకారుల పాళెంలోని ఒక పెద్దాయన గానీ, బడి టీచరు గానీ లేకుండా తిరుపతి వాళ్లే కమిటీ వేసుకుంటే, అది తీరం వాళ్ల దృష్టిలో ఆదివారం పిక్నిక్కు వచ్చే సంఘం.

3. డబ్బు సంగతి ముందే తేల్చుకోండి

దాతలకు పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయపు పన్ను శాఖలో సంఘానికి నమోదులు కావాలి (జనం నోట 12ఎ, 80జి). కంపెనీల సామాజిక బాధ్యత నిధులు తీసుకోవాలంటే కేంద్ర కంపెనీల వ్యవహారాల శాఖకు సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేయాలి. స్వచ్ఛంద సంఘాల ప్రభుత్వ వెబ్‌సైటు ఎన్జీఓ దర్పణ్‌లో పేరుండటం మంచిది. ఇవి చార్టర్డ్ అకౌంటెంటు చూసుకునే పనులు, నేను సాగదీయను.

ఒక్క చోట మాత్రం ఆగాలి. మన ఇళ్లలో అమెరికాలో ఒకరైనా లేని ఇల్లు తక్కువ. "బావా, నేనో వెయ్యి డాలర్లు వేస్తాలే" అంటారు. ఆ బావమరిది ఇంకా భారత పౌరుడై ఉండి, తన ఖాతా నుంచి బ్యాంకు ద్వారా పంపితే చిక్కు లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. దానికి హోం శాఖ దగ్గర వేరే నమోదు కావాలి. తెలియక తీసుకున్నాం అంటే వినరు. పాస్‌పోర్టు ఏ రంగని అడగడానికి మొహమాటపడొద్దు.

బయటి దేశాల సంఘాలు ఎలా నడుస్తాయో చూస్తే మన హద్దు తెలుస్తుంది. అమెరికాలో 2000లో ప్రత్యేకంగా చారిత్రక లైట్‌హౌస్‌ల పరిరక్షణ చట్టం చేశారు. ప్రభుత్వానికి అక్కర్లేని దీపస్తంభాన్ని ముందుగా అర్హత ఉన్న స్థానిక సంస్థలకూ, స్వచ్ఛంద సంఘాలకూ ఉచితంగా ఇవ్వజూపుతారు. కాపాడతాం, జనాన్ని రానిస్తాం అని ఒప్పుకోవాలి. ఎవరూ ముందుకు రాకపోతే వేలం వేస్తారు. మిషిగన్ రాష్ట్రంలో లైట్‌హౌస్ బొమ్మ ఉన్న బండి నంబరు ప్లేటు కొంటే ఆ అదనపు రుసుము మరమ్మతులకు పోతుంది. నాకు ఈ ఉపాయం బాగా నచ్చింది. మన దగ్గర ఫ్యాన్సీ నంబర్లకు లక్షలు పోసేవాళ్లున్నారు కదా! మన పద్ధతిలో మాత్రం ఆస్తి కేంద్రం చేతి నుంచి సంఘం చేతికి రాదు. అందుకే 'దత్తత ఇవ్వండి' అని కాకుండా 'ఈ పని చేయనివ్వండి' అని అడగడం నేర్చుకోవాలి.

4. మొదటి అర్జీ చిన్నదిగా ఉండాలి

ఒక పేజీ చాలు. మూడే మూడు అడగండి: కట్టడం బయటి కొలతలూ ఫోటోలూ తీసుకోవడానికి అనుమతి; దీపం చూసుకున్న పాత లైట్‌కీపర్లతో మాట్లాడటానికి పరిచయం; ఆవరణలో ఒక రోజు చెత్త ఏరడానికి అనుమతి. మరమ్మతు మాట ఎత్తొద్దు. ఏ అధికారైనా తన కట్టడం మీద సుత్తి ఎత్తుతామనే కొత్తవాళ్లను చూస్తే భయపడతాడు. ఈ మూడూ సరిగా చేసి, చేసిన పని రిపోర్టు ఆయన బల్ల మీద పెడితే రెండో అర్జీకి ఆయనే మాట కలుపుతాడు. రెండోది రాతపూర్వక ఒప్పందం. ఎవరు ఏం చేస్తారు, దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, ఫోటోల మీద హక్కు ఎవరిది, ఎన్నేళ్లకు, అన్నీ అందులో ఉండాలి. వలంటీర్లకు ప్రమాద బీమా సంఘమే తీయాలి.

డ్రోను ఎగరేద్దామని ఎవడో ఒకడు అంటాడు. పక్కనే శ్రీహరికోట ఉంది. ఆకాశం మనది కాదక్కడ. ప్రభుత్వపు డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ జోన్లో ఉందో చూసి, అనుమతి లేకుంటే డ్రోను ఇంట్లోనే వదిలి రండి.

5. కొలతలు, ఫోటోలు, పగుళ్లు

ఇక్కడ తొందరపడొద్దు. నా మటుకు నాకు సంఘం చేసే పనుల్లో అన్నిటికంటే విలువైనది ఇదే. తుఫాను వచ్చి సగం కూలినా, కొలతలు మిగిలితే మళ్లీ కట్టొచ్చు.

ఎత్తు: టవరు ఎక్కకుండానే కొలవచ్చు. ఎండ ఏటవాలుగా ఉన్న పొద్దున పూట ఒక మీటరు కర్రను నిటారుగా పాతి దాని నీడ కొలవండి. అదే నిమిషంలో ఇంకొకరు టవరు నీడ చివర గుర్తు పెట్టాలి. కర్ర నీడ 0.8 మీటర్లు, టవరు నీడ 24 మీటర్లు అయితే ఎత్తు 30 మీటర్లు. ఇక్కడ అందరూ ఒక పొరపాటు చేస్తారు. నీడను గోడ దగ్గర్నుంచి కొలుస్తారు. శిఖరం ఉండేది టవరు మధ్యలో కాబట్టి మధ్య నుంచి కొలవాలి. అంటే టవరు అడుగు చుట్టుకొలత తీసి, దాన్నుంచి వ్యాసార్థం లెక్కగట్టి కలపాలి. వ్యాసార్థం 3 మీటర్లనుకుంటే, అది మరిచినందుకు ఎత్తు దాదాపు 4 మీటర్లు తగ్గిపోతుంది.

పిల్లలు వస్తే ఇంకో లెక్క చేయించండి. కన్ను ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే సముద్రం అంచు ఎన్ని కిలోమీటర్ల దూరంలో కనిపిస్తుందో వస్తుంది. 30 మీటర్ల ఎత్తు నుంచి సుమారు 19.5 కిలోమీటర్లు. దీపాన్ని అంతెత్తున ఎందుకు పెట్టారో ఆ లెక్క తేలగానే వాళ్ల మొహాల్లో తెలుస్తుంది.

ఫోటోలు: టవరు చుట్టూ ఎనిమిది దిక్కుల్లో ఎనిమిది చోట్లు ఎంచుకుని, ప్రతి చోటా నేలలో చిన్న రాయి పాతండి. ప్రతిసారీ అదే రాయి మీద నిలబడి అదే ఎత్తులో తీయాలి. ఏడాది తర్వాత రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే ఏ పెచ్చు ఊడిందో చెప్పక్కర్లేదు.

పగుళ్లు: పగులు రెండు చివర్లా పెన్సిలుతో సన్నటి అడ్డగీత గీసి తేదీ రాయండి. మూడు నెలలకు వచ్చి చూస్తే పగులు గీత దాటిందో లేదో తెలుస్తుంది. దాటకపోతే అది పాత గాయం. దాటితే వెంటనే ఇంజనీరుకు చెప్పాలి. గోడను చిన్న చెక్క సుత్తితో మెల్లగా తడుతూ పోండి. గట్టి చోట టక్కుమంటుంది, లోపల గచ్చు వదిలిన చోట బోలుగా మోగుతుంది. పండిందో లేదో చూడటానికి పుచ్చకాయను తట్టినట్టే. బోలు చోట్లను బొమ్మ మీద గుర్తించండి, గోడ మీద సుద్దతో కూడా రాయొద్దు.

ఇటుకల సందుల్లో రావి మొక్క కనిపిస్తే చేయి దురద పెడుతుంది, పీకొద్దు. వేరు వెంట ఇటుక వస్తుంది. కాండం కోసి, మిగిలింది చచ్చిపోయేదాకా మళ్లీ మళ్లీ చిగురు తుంచుతూ ఉండటమే మేలు.

రాత్రి పని ఒకటుంది, అది తీరపు ఊళ్లోంచే చేయొచ్చు. ప్రతి దీపానికీ తనదైన మెరుపుల లయ ఉంటుంది. నావికుడు ఆ లయను లెక్కపెట్టి, ఇది ఫలానా దీపం అని పోల్చుకుంటాడు. స్టాప్‌వాచీ పట్టుకుని పది వరుసల మెరుపులకు ఎంత పట్టిందో చూసి పదితో భాగించండి. నెలకోసారి రాయండి.

6. కీపర్ల నోటి మాట రికార్డు చేయండి

దీపాలు ఇప్పుడు చాలావరకు యంత్రాల మీద, సౌరఫలకాల మీద, ఎల్ఈడీల మీద నడుస్తున్నాయి. రాత్రంతా మేలుకుని గడియారపు యంత్రానికి కీ తిప్పిన తరం వెళ్లిపోతోంది. ఇంగ్లండులో 1988లో లైట్‌హౌస్ కీపర్లే ఒక సంఘం పెట్టుకుని తమ కాగితాలు, జ్ఞాపకాలు, పనిముట్లు కూడబెట్టడం మొదలుపెట్టారు. మన దగ్గర ఆ పని మనమే చేయాలి.

"మీ అనుభవాలు చెప్పండి సార్" అంటే ఎవరూ ఏమీ చెప్పరు. వస్తువు చూపించి అడగాలి. పాత తాళం చెవి, నూనె కొలిచే డబ్బా, హాజరు పుస్తకం. ఇది ఎక్కడ వేలాడేది? దీన్ని తుడిచే గుడ్డ ఎవరు కుట్టేవారు? నూనె పైకి ఎలా చేరేది? తుఫాను రాత్రి భోజనం ఎలా? కీపరు భార్యను విడిగా అడగండి. నీళ్ల కోసం ఎంత దూరం పోయేవారో, పిల్లల్ని ఏ బడికి పంపారో, పాము వస్తే ఎవరిని పిలిచేవారో ఆమెకే గుర్తుంటుంది. అరగంట ఇంటర్వ్యూ రాత ప్రతిగా దించడానికి మూడు గంటలు పడుతుంది. ఆ పని ముందే ఒకరికి అప్పగించకపోతే రికార్డింగులన్నీ ఎవరి ఫోన్లోనో పోతాయి.

7. అద్దాల జోలికి పోకండి, కానీ తెలుసుకోండి

ఫ్రాన్సులో ఓగుస్తెన్ ఫ్రెనెల్ చేసిన కటకాన్ని 1823లో కోర్దువాన్ దీపంలో మొదటిసారి వెలిగించారు. మందమైన ఒకే అద్దానికి బదులు పట్టకాలను వలయాలుగా పేర్చి, అన్ని వైపులా చెదిరిపోయే వెలుగును ఒక్క దారిలోకి మళ్లించాడు. పెద్ద కటకాలు టన్నుల బరువుండేవి. వాటిని పాదరసం నింపిన తొట్టిలో తేలిస్తే వేలితో తోసినా తిరిగేవి. అక్కడే ప్రమాదం కూడా. పాత యంత్రం దగ్గర పాదరసం ఉందా అని కీపర్ని మొదటే అడగండి. నేల మీద వెండి బొట్టులాంటిది కనిపిస్తే ముట్టుకోవద్దు, ఊడ్వొద్దు. అందరూ బయటికొచ్చి శాఖకు చెప్పాలి.

దీపపు గదిలోకి అనుమతి దొరికినవాళ్లు ఉంగరాలు, గాజులు, వాచీలు, మెడలో గుర్తింపు కార్డులు తీసేసి వెళ్లాలి. పట్టకం అంచు ఒక్కసారి చిట్లితే అతకదు. మార్కెట్లో దొరికే గాజు శుభ్రం చేసే ద్రావకాలు వాడొద్దు. పట్టకాలను పట్టి ఉంచే పాత లప్పాన్నీ, ఇత్తడినీ తినేస్తాయి. పగటిపూట పాత కీపర్లు ఆ గదికి తెరలు దించేవారు. ఎండ కటకంలోంచి వెనక్కి కూడుకుంటే లోపల ఏదైనా అంటుకోవచ్చు. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

8. సున్నం, సిమెంటు, నా తప్పు

మా బృందం మొదట పని చేసింది లైట్‌హౌస్ మీద కాదు, ఒక ఊరి చెరువు గట్టున ఉన్న పాత మండపం మీద. వెనక గోడ గచ్చు రాలుతుంటే మేమంతా చందాలు వేసుకుని రెండు బస్తాల సిమెంటుతో నున్నగా పూయించాం. ఫోటోలు దిగాం. రెండు వానాకాలాలు గడిచాక వెళ్లి చూస్తే, సిమెంటు పూత అట్టులా ఊడి వేలాడుతోంది. దాన్ని లాగితే వెనక ఇటుక పిండిలా రాలింది. మేం ముట్టుకోని పక్క గోడ మాత్రం పాత గచ్చుతో అలాగే ఉంది. ఆ రోజు బేల్దారి మేస్త్రి ఒక్క మాట అనలేదు. ఆ గోడకేసి, మా మొహాలకేసి చూసి బీడీ వెలిగించాడు.

ఎందుకలా అయింది? పాత గోడ ఊపిరి పీలుస్తుంది. లోపలికి పోయిన తేమ సున్నపు పూత గుండా బయటికి ఆవిరవుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. సముద్రపు ఒడ్డున ఆ తేమలో ఉప్పు కూడా ఉంటుంది. నీరు ఎండిన చోట ఉప్పు పలుకులు కట్టి పెరుగుతుంది. దారి లేక పూత వెనకే పెరిగితే, మెత్తటి పాత ఇటుకను లోపల్నుంచి పగలగొడుతుంది. లైట్‌హౌస్‌కు ఇది మండపానికంటే పదింతలు వర్తిస్తుంది.

కాబట్టి మరమ్మతు దాకా వచ్చి, శాఖ ఒప్పుకుంటే, ముందు పాత గచ్చు ముక్క ఒకటి యూనివర్సిటీ ల్యాబులో ఇచ్చి సున్నం, ఇసుక పాళ్లు తెలుసుకోండి. రాతి సున్నాన్ని తడిపి వారాల తరబడి నీళ్లలో నాననివ్వాలి. తర్వాత ఇసుకతో కలిపి గానుగలో నూరాలి. మన వైపు పాత మేస్త్రీలు కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్లు పోసేవారు. పాళ్లు ఇంటి పేరులా ఒక్కో మేస్త్రిదీ ఒక్కోటి, అందుకే ముందు జానెడు చోట పూసి చూడాలి. సముద్రపు గాలికి పూత పైపైన గబగబా ఎండి సన్నటి పగుళ్లిస్తుంది. తడి గోనెసంచులు కట్టి, రోజూ నీళ్లు చల్లుతూ మెల్లగా ఆరనివ్వాలి. ఈ తడిపే పనికి వలంటీర్లు బాగా పనికొస్తారు. పూసే పనికి మాత్రం చేయి తిరిగిన మేస్త్రే కావాలి.

గోడ మీది ఉప్పు కోసం కాగితపు గుజ్జును శుద్ధి చేసిన నీటిలో తడిపి మందంగా అంటించి ఎండనిస్తారు. ఉప్పు గుజ్జులోకి వస్తుంది. బోరు నీళ్లతో చేస్తే ఉన్న ఉప్పుకు కొత్త ఉప్పు కలిపినట్టే.

పాత ఇనుప రెయిలింగుల పెయింటు గీకొద్దు. పాత పెయింటులో సీసం ఉండే అవకాశం ఎక్కువ, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రంగు మీ ఇష్టం కాదు. టవరు మీది పట్టీలు పగలు నావికులకు గుర్తు. అవి నావిక పటాల జాబితాల్లో నమోదై ఉంటాయి. జెండా రంగులో, స్పాన్సరు రంగులో వేద్దామని ఉత్సాహపడితే సముద్రంలో ఉన్నవాడు దారి తప్పుతాడు. పండగ పేరుతో దాని పక్కన సీరియల్ లైట్లు వేలాడదీయడం కూడా అంతే.

9. తీరం క్యాలెండరు చూసి పని పెట్టుకోండి

తిరుపతిలో పని బ్రహ్మోత్సవాలను బట్టి నడుస్తుంది. తీరంలో పని గాలిని బట్టి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుఫానులు. సారవ కట్టొద్దు. జనవరి నుంచి మార్చి దాకా సర్వే, మరమ్మతులకు మంచి కాలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. అప్పుడు మగవాళ్లు ఇంటి దగ్గరుంటారు, వలలు బాగు చేసుకుంటూ ఉంటారు. కబుర్లకు అదే సమయం. టవరును వాళ్లు ఏమని పిలుస్తారో, నీళ్లలోంచి ఏ తాటిచెట్టుకూ దానికీ సూటి గీత కలిస్తే చేపలు పడే చోటని గుర్తుపెట్టుకున్నారో అడగండి. ఆ మాటలు ఏ గెజిటీరులోనూ ఉండవు. వల బాగు చేస్తున్న మనిషి ముందు కుర్చీ అడగొద్దు, ఇసుకలో కూర్చోండి.

ఆగస్టు మూడో వారాంతంలో ఇంకో సందడి ఉంది. స్కాట్లండులో ఎయిర్ పట్టణపు అమెచ్యూర్ రేడియో (సరదాకు లైసెన్సుతో నడిపే వైర్‌లెస్ రేడియో, దాన్నే హామ్ రేడియో అంటారు) బృందం 1998లో మొదలుపెట్టిన అలవాటు ఇది. ప్రపంచమంతటా హామ్ రేడియో వాళ్లు లైట్‌హౌస్‌ల దగ్గర యాంటెన్నాలు కట్టి ఒకరినొకరు పిలుచుకుంటారు. మీ సంఘంలో లైసెన్సున్న హామ్ ఒకరుంటే, శాఖ అనుమతిస్తే, ఖర్చు లేకుండా మీ దీపం పేరు దేశాలు దాటుతుంది.

10. కోత వస్తే

కొన్ని దీపస్తంభాలకు అసలు శత్రువు ఒడ్డు కోత. అమెరికాలో కేప్ హటరస్ టవరును 1999లో పట్టాల మీద 2,900 అడుగులు వెనక్కి జరిపారు. మనలాంటి సంఘానికి అంత శక్తి లేదు. కానీ టవరు నుంచి అలల గీత దాకా ఎంత దూరముందో ప్రతి పౌర్ణమికి ఒకే గుర్తు నుంచి టేపుతో కొలిచి రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఐదేళ్ల కొలతలున్న పుస్తకం ఆఫీసరు ముందు పెడితే, వంద సంతకాల వినతిపత్రం కంటే గట్టిగా మాట్లాడుతుంది.

మొదటి ప్రయాణానికి సంచిలో

30 మీటర్ల టేపు, మీటరు కర్ర, దిక్సూచి, చెక్క సుత్తి, బైనాక్యులరు, రెండు పెన్సిళ్లు (పెన్ను తేమకు అలుక్కుపోతుంది), గట్టి అట్ట నోటుబుక్కు, టోపీలు, తాగే నీళ్లు మనిషికి మూడు లీటర్లు, అనుమతి పత్రం రెండు ప్రతులు. గేటు దగ్గరి వాచ్‌మన్ ఒకటి ఉంచుకుంటాడు, అందుకు రెండు. ఇంకా ఒక కవరులో లడ్డూలు. ఇది లంచం కాదండోయ్. తిరుపతి నుంచి ఉత్త చేతులతో వచ్చారేంటని వాళ్లే అడుగుతారు.